చలికాలపు చక్రాల ఆట: చలిని కాదు, చెమటను చూడండి

మార్గశిరం ప్రవేశించిన నాటి నుండి మాఘం ముగిసే వరకు మా కొత్తగూడెంలో తెల్లవారుజాము ఒక విచిత్రమైన వేళ. ఒకవైపు కిన్నెరసాని అడవుల మీదుగా దిగివచ్చే చల్లగాలి. మరొకవైపు వాకిళ్ళలో వేసిన నెగళ్ళ పొగ, బొగ్గు లారీలు రేపిన ధూళి. పూర్వం ఈ వేళలో వీధిలో కనిపించేవారు పాలవాళ్ళు, మొదటి షిఫ్టుకు బయలుదేరే గని కార్మికులు, మాల ధరించిన అయ్యప్ప స్వాములు మాత్రమే. ఇటీవల వీరికి మరొక వర్గం తోడైంది. కాళ్ళకు చక్రాల బూట్లు బిగించుకున్న పిల్లలు, అక్కడక్కడ చక్రాల పలక మీద ఒక కాలు మోపి రెండవ కాలితో నేలను తన్నుతూ సాగిపోయే కుర్రవాళ్ళు. మొదటిదానిని స్కేటింగ్ అని, రెండవదానిని స్కేట్‌బోర్డింగ్ అని అంటున్నారు. వైద్యుని దృష్టిలో రెండూ ఒక్క జాతివే కనుక ఈ వ్యాసంలో చక్రాల ఆట అనే వ్యవహరిస్తాను.

ఈ ఆట విషయమై మన గృహాలలో రెండు పక్షాలు ఏర్పడ్డాయి. మొదటిది అమ్మమ్మలు, నాయనమ్మల పక్షం. చలిగాలిలో తిరిగితే నెమ్ము చేస్తుందని, శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోయాక ఆడుకోవచ్చునని వారి వాదన. రెండవది తండ్రుల పక్షం, శిక్షకులు కూడా వీరితోనే. చలికి ఒళ్ళు అలవాటు పడాలంటూ ఐదు గంటలకే పిల్లవాడిని లేపి, స్వెట్టరు మీద స్వెట్టరు తొడిగి, మంకీ క్యాపు బిగించి మైదానానికి తీసుకుపోతారు. దశాబ్దాలుగా ఈ ప్రాంతంలో నాడి పట్టి చూస్తున్న వైద్యునిగా ఈ రెండు పక్షాలతోనూ నేను ఏకీభవించలేను. చలికాలంలో పిల్లలు ఈ ఆట ఆడవలసిందే. కాని వేళ మారాలి, దుస్తులు మారాలి. ఆటలో పిల్లవాడిని వణికించేది చాలావరకు బయటి చలి కాదు. చలి నుండి కాపాడాలని మనం తొడిగిన దుస్తులలో పట్టిన చెమట, ఆ చెమట మీద వీచే గాలి.

ముందుగా పెద్దమ్మలకు సమాధానం చెప్పుకోవాలి. వాగ్భటాచార్యులు అష్టాంగహృదయం సూత్రస్థానంలో, ఋతుచర్యాధ్యాయంలో, హేమంతాన్ని బలాన్నిచ్చే కాలంగా వర్ణించారు. బయటి చలి వల్ల ఒంటిలోని వేడి వెలికి పోలేక లోపలనే నిలుస్తుంది, జఠరాగ్ని ప్రజ్వలిస్తుంది. తిన్నది చక్కగా జీర్ణమవుతుంది, చేసిన శ్రమ ఒంటికి పడుతుంది. అందుకే ఆయన హేమంతంలో తైలాభ్యంగనంతో పాటు మల్లయుద్ధాన్ని కూడా విధించారు. మల్లయుద్ధానికి తగిన ఋతువు చక్రాల ఆటకు తగదనడం ఎట్లా? పైగా మన ఊరి సంగతి వేరే చెప్పాలా? వేసవిలో 45 డిగ్రీలు దాటే ఊరు ఇది. మే నెలలో ఉదయం ఎనిమిది గంటలకే సిమెంటు నేల కాలుతుంది. వానాకాలంలో ఆ నేలే జారుడుబండ. ఇక చలికాలంలోనూ వద్దంటే పిల్లవాడు ఆడేది ఎప్పుడు? ఇంట్లో సెల్‌ఫోను ముందు వంగి కూర్చున్న పిల్లవాడికి నెమ్ము చేయకపోవచ్చు గాని, వాడి మెడ, కళ్ళు, ఆకలి ఏమవుతున్నవో ఆ తల్లులే నాకు వచ్చి చెబుతున్నారు.

ఇక్కడ శాస్త్రం చదివిన పాఠకులు ఒక ప్రశ్న వేయవచ్చు. వాగ్భటులు దినచర్యాధ్యాయంలో బాలురు, వృద్ధులు, అజీర్ణంతో ఉన్నవారు వ్యాయామం మానాలన్నారు కదా, పిల్లలను ఆడమని మీరెట్లా చెబుతారు అని. న్యాయమైన ప్రశ్నే. నేను గురుకులంలో ఉండగా మా గురువుగారు ఈ భాగం పాఠం చెప్పి, వెంటనే మమ్మల్ని గోదావరికి ఈతకు పంపేవారు. నిషేధం వ్యాయామానికే గాని క్రీడకు కాదు అనేవారు. బలవంతంగా, లెక్క పెట్టి, అలసట దాటినా ఆపకుండా చేయించేది వ్యాయామం. ఇష్టంతో మొదలై, చాలనిపించినప్పుడు ఆగేది ఆట. నా అభిప్రాయమూ అదే. చక్రాల పలక మీద తనంతట తాను పడి లేస్తున్న పిల్లవాడిని శాస్త్రం ఆపదు. తెల్లవారుజామున ఈల ఊదుతూ, గడియారం చూస్తూ రెండు గంటలు పరుగెత్తించే శిక్షణను శాస్త్రం ఒప్పుకోదు.

ఆట గురించి రెండు మాటలు, తెలియని పెద్దల కోసం. చక్రాల పలక అమెరికాలోని కాలిఫోర్నియా తీరంలో 1950ల నాటిది. సముద్రపు అలల మీద పలకతో తేలి ఆడేవారు, అలలు లేని రోజున నేల మీద ఆడుకోవడానికి కల్పించుకున్న వినోదం అది. 1970లలో పాలీయురేథేన్ చక్రాలు వచ్చాక గరుకు నేల మీద కూడా పట్టు దొరికి ఆట విస్తరించింది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో దీనికి మొదటిసారి స్థానం దక్కింది. అక్కడ జపాన్ బాలిక మోమిజీ నిషియా 13 ఏళ్ళకే స్వర్ణం, అదే దేశపు కోకోనా హిరాకి 12 ఏళ్ళకే రజతం గెలిచారు. చక్రాల బూట్ల ఆటలో మనవాళ్ళూ తక్కువ తినలేదు. హైదరాబాదుకు చెందిన అనూప్ కుమార్ యామ 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడలలో రెండు కాంస్య పతకాలు తెచ్చారు. 2015లో అర్జున పురస్కారం అందుకున్నారు. కనుక ఇది పోకిరీ పిల్లల వీధి చేష్ట అని కొట్టిపారేయడానికి లేదు. పన్నెండు, పదమూడేళ్ళ లేత వయసులోనే శిఖరానికి చేర్చే ఆట కనుకనే ఆ ఒంటిని గూర్చి మరింత జాగ్రత్త కావాలి.

ఇప్పుడు అసలు సంగతి. బండి మీద తండ్రికి ముందు కూర్చున్న పిల్లవాడికి, వెనుక కూర్చున్నవాడికి చలిలో ఎంత తేడా ఉంటుందో అందరికీ అనుభవమే. ఊళ్ళో గాలి కదలకపోయినా ముందువాడి ముఖానికి గాలి కొడుతుంది. చక్రాల ఆటలోనూ అంతే. గంటకు పదిహేను కిలోమీటర్ల వేగంతో పోయే పిల్లవాడు, గంటకు పదిహేను కిలోమీటర్ల వేగంతో వీచే గాలిలో నిలబడినట్లే. చలి, రూక్షత, చలనం వాయువు గుణాలు. తెల్లవారుజాము వాయువు ప్రబలే వేళ. ఈ ఆట స్వయంగా వాయువును పుట్టించే ఆట. మూడూ ఒక్కచోట కలిపి, పైన చెమటను చేర్చితే ఏమవుతుంది? తడి చర్మం మీద గాలి తగిలితే ఒంటిలోని వేడి త్వరత్వరగా హరించుకుపోతుంది. కొత్త కుండలో నీళ్ళు చల్లబడేది ఈ సూత్రం మీదనే. చెమటతో తడిసిన బనీను, దానిపై ఆవిరిని బయటికి పోనివ్వని రెండు స్వెట్టర్లు వేసుకున్న పిల్లవాడు ఆడినంతసేపు ఉడుకుతాడు. ఆగి నిలబడిన పది నిమిషాలకు ఆ తడి చల్లబడి వణుకుతాడు. తల్లి ఆ వణుకు చూసి మర్నాడు మూడవ స్వెట్టరు వేస్తుంది.

జలుబు సూక్ష్మక్రిముల వల్ల ఒకరి నుండి ఒకరికి సోకుతుందని ఆధునిక వైద్యం చెప్పేది యథార్థమే. కాని చలికాలపు ఆట తర్వాత వచ్చే దగ్గులన్నీ జలుబులు కావు. గత పుష్యమాసంలో రామవరం నుండి ఒక తల్లి తన పదకొండేళ్ళ కుమారుని తీసుకువచ్చింది. తండ్రి భూగర్భ గనిలో పనిచేస్తారు. మొదటి షిఫ్టుకు పోయే ముందు పిల్లవాడిని మైదానంలో దింపి వెళ్ళేవారు. ఆరు వారాలుగా రాత్రుళ్ళు పొడిదగ్గు. జ్వరం లేదు, ముక్కు కారదు. మిరియాల కషాయం పూటకొకసారి చొప్పున పోయడం వల్ల నోరు పూసింది, అన్నం తినడం మానేశాడు. "వాడిని ఆ ఆట మానిపించమని మీరైనా చెప్పండి డాక్టరుగారూ, మా మాట వినడు" అన్నది ఆ తల్లి. పిల్లవాడు తల వంచుకుని, సంచిలోని చక్రాల బూట్లను ఒడిలో గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. నేను అడిగినవి మూడే ప్రశ్నలు. ఎన్ని గంటలకు ఆడతావు? ఆడేటప్పుడు నోటితో ఊపిరి పీలుస్తావా, ముక్కుతోనా? ఇంటికి వచ్చాక బనీను ఎప్పుడు మారుస్తావు? తెల్లవారుజాము ఐదున్నరకు, నోటితో, స్కూలుకు పోయేటప్పుడు. జవాబులు ఇవి.

అతివ్యాయామం వల్ల కలిగే రోగాలను వాగ్భటులు వరుసగా చెప్పిన చోట దప్పిక, ఆయాసం, జ్వరంతో పాటు కాసం, అనగా దగ్గు, కూడా ఉన్నది. చల్లని పొడిగాలిని నోటితో ఎగపీల్చుతూ ఒళ్ళు మరచి ఆడే పిల్లలలో ఊపిరి గొట్టాలు బిగుసుకుంటాయని ఆధునికులు చెప్పేదీ ఇదే సంగతిని వేరే భాషలో. ముక్కు అనేది గాలిని వెచ్చచేసి, తడిచేసి, వడకట్టి లోనికి పంపే ద్వారం. నోటికి ఆ శక్తి లేదు. ఆ పిల్లవాడికి ఆట మానిపించలేదు. కషాయం మానిపించాను. ఊపిరితిత్తులు పరీక్ష చేయించుకు రమ్మని పిల్లల వైద్యుని వద్దకు పంపాను. ఆటను సాయంత్రానికి మార్చమన్నాను. తండ్రి షిఫ్టుకు అది కుదరదని మొదట అన్నారు. చివరకు పక్క క్వార్టరు వారి అబ్బాయితో పంపడానికి ఒప్పుకున్నారు.

వేళ గురించి నేను కొంత పట్టుదలగానే మాట్లాడతాను. మన శిక్షకులు తెల్లవారుజామును ఎందుకు ఎంచుకుంటారో నాకు తెలియక కాదు. ప్రకాశం స్టేడియం వంటి చోట్ల నడకకు వచ్చేవారి రద్దీ ఇంకా మొదలు కాదు, రోడ్డు మీద వాహనాలు ఉండవు, పిల్లలకు బడి అడ్డు రాదు. సౌకర్యాలన్నీ పెద్దలవి, ఊపిరి మాత్రం పిల్లలది. చలికాలపు రాత్రి నేలనంటిన గాలి చల్లబడి, బరువై, పైకి లేవక అక్కడే నిలిచిపోతుంది. రాత్రంతా వెలువడిన పొగ, ధూళి అందులోనే చిక్కుకుని ఉంటాయి. సూర్యుడు వచ్చి నేలను వెచ్చచేస్తే గాని ఆ పొర విడిపోదు. ఊరిపై మంచు అని మనం మురిసిపోయే తెల్లని తెరలో సగం పొగే. బొగ్గు నేల మీద బతికే మనకు ఇది ఎవరూ చెప్పనక్కరలేదు, తెల్లవారి ముక్కు తుడుచుకున్న రుమాలే చెబుతుంది. పైగా ఆ వేళ సిమెంటు నేల మీద మంచు పడి సన్నని తడి పొర ఉంటుంది. కంటికి కనపడదు, చక్రానికి తెలుస్తుంది. డిసెంబరు, జనవరి మాసాలలో ఇక్కడ సూర్యోదయమే ఆరున్నర దాటాక. కనుక బడి ఉన్న రోజులలో సాయంత్రం నాలుగున్నర నుండి చీకటి పడే లోపు ముప్పావు గంట, సెలవు రోజున ఉదయం ఎనిమిది దాటి ఎండ వీపు మీద హాయిగా ఉన్నప్పుడు ఒక గంట. ఇంతకు మించి ఈ వయసుకు అక్కరలేదు. పోటీలున్నవి అంటారా, పోటీలు కూడా పగలే జరుగుతాయి కదా.

ఎంతసేపు ఆడాలో గడియారం కంటె ఒళ్ళే బాగా చెబుతుంది. అర్ధశక్తికి మన పెద్దలు చెప్పిన గుర్తులు చాలా సులభమైనవి. నుదుట, ముక్కు మీద, చంకలలో, కీళ్ళ వద్ద చెమట పట్టడం, నోరు ఎండడం, ముక్కు చాలక నోటితో ఊపిరి తీయడం. చలికాలంలో చెమట గాలికి ఆరిపోతుంది కనుక నుదురు చూసి మోసపోతాము. మెడ వెనుక, కాలరు లోపలికి రెండు వేళ్ళు పోనిచ్చి చూడండి. పొడిగా, వెచ్చగా ఉంటే పిల్లవాడు సుఖంగా ఉన్నాడు. తడిగా ఉంటే పై దుస్తు ఒకటి తీసివేసి కాసేపు నెమ్మదిగా తిరగనివ్వాలి. పొడిగా ఉండి చల్లగా తగిలితే అప్పుడు మరొక దుస్తు వేయవచ్చు. చేతులు పట్టుకుని చల్లగా ఉన్నాయని కంగారు పడకండి, చలికాలంలో ఎవరి చేతులైనా చల్లగానే ఉంటాయి.

దుస్తుల విషయంలో నా మొదటి ఫిర్యాదు మంకీ క్యాపు మీద. తెలుగు దేశంలో దీపావళి దాటగానే పిల్లల తలకు ఎక్కి శివరాత్రికి దిగే ఈ టోపీ నిద్రకు, ప్రయాణానికి మంచిదే. కాని చక్రాల ఆటలో హెల్మెట్ తప్పనిసరి. మందపు ఉన్ని టోపీ మీద హెల్మెట్ సరిగా కూర్చోదు, పడినప్పుడు పక్కకు జరుగుతుంది. చెవులు మూసుకుపోయి వెనుక వచ్చే బండి వినపడదు, పక్కచూపు తగ్గుతుంది. దానికి బదులు పలుచని నూలు గుడ్డ చెవులు కప్పేటట్లు తలకు చుట్టి, దానిపై హెల్మెట్ బిగించండి. మఫ్లరు అసలు వద్దు. వేలాడే అంచు చక్రంలో పడితే ఏమవుతుందో ఊహించుకోండి. ఒంటికి లోపల పలుచని బనీను, దానిపై పూర్తి చేతుల చొక్కా, ఆ పైన గాలిని ఆపే పలుచని విండ్‌చీటర్. బరువైన ఒక్క స్వెట్టరు కంటె పలుచని మూడు పొరలు మేలు, ఎందుకంటే ఒక్కొక్కటిగా తీయవచ్చు. మోచేతి, మోకాలి ప్యాడ్లు మందపు ఉన్ని మీద జారిపోతాయి, పలుచని గుడ్డ మీద నిలుస్తాయి. చలికి బిగుసుకున్న వేళ్ళు పడేటప్పుడు ఆసరా పట్టలేవు కనుక చేతికి గ్లవ్‌లు ఉండాలి. ఇవన్నీ కొనాలా అని బెదరవద్దు. అన్నిటికంటె విలువైన దుస్తు ఇంట్లోనే ఉన్నది, సంచిలో మడిచి పెట్టిన పొడి బనీను. ఆట ఆపిన ఐదు నిమిషాలలోపు, ఇంటికి వచ్చాక కాదు, మైదానంలోనే ఒక మూలకు పోయి తువ్వాలుతో వీపు, ఛాతీ, చంకలు తుడుచుకుని దానిని తొడుక్కోవాలి. తడిసిన మేజోళ్ళూ మార్చుకోవాలి. ఈ ఒక్క పని చేసిన ఇళ్ళలో స్వెట్టర్ల గొడవ సగం తగ్గుతుంది.

తైలం గురించి చెప్పకుండా ఆయుర్వేద వైద్యుని వ్యాసం ముగియదు. చలికాలపు గాలి ఒంటిలోని స్నిగ్ధతను పీల్చివేస్తుంది. పెదవులు చిట్లడం, మడమలు పగలడం దాని ఫలితమే. వారానికి రెండు మార్లు గోరువెచ్చని నువ్వుల నూనెతో ఒళ్ళంతా మర్దన చేసి, అరగంట తర్వాత సున్నిపిండితో నలుగు పెట్టి స్నానం చేయిస్తే చర్మం మృదువై, కీళ్ళు సుఖంగా కదులుతాయి. స్నానానికి వేడినీళ్ళు మెడ దిగువకే, తలకు గోరువెచ్చనివి చాలును. ఐతే ఒక భేదం గమనించండి. శాస్త్రంలో నూనె రాసుకుని కుస్తీకి దిగిన మల్లుడు మెత్తని మట్టిలో పడతాడు. మన పిల్లవాడు పడేది సిమెంటు మీద. కనుక ఆటకు ముందు నూనె వద్దు. అరచేతులు, అరికాళ్ళు జారితే ప్రమాదం. రాత్రి పడుకోబోయే ముందు అరికాళ్ళకు, పిక్కలకు కాస్త నూనె రాసి తుడవండి, పగలంతా బూట్లలో బిగుసుకున్న పాదాలకు అంతకంటె హాయి లేదు. ఆటకు ముందు చేయవలసినది వేరు. పది నిమిషాలు ఉన్నచోటనే నడక, చిన్న గెంతులు, మడమల వద్ద, మోకాళ్ళ వద్ద కీళ్ళను నెమ్మదిగా తిప్పడం. చల్లబడి బిగుసుకున్న కండరం ఒక్కసారి లాగితే పట్టుకుంటుంది.

ఆహారం సంగతికి వస్తే, హేమంతంలో రాత్రులు దీర్ఘం గనుక ప్రాతఃకాలానికే ఆకలి వేస్తుందని, ఆ ఆకలికి ఆహారం అందకపోతే అగ్ని ధాతువులనే దహిస్తుందని శాస్త్రం. ఖాళీ కడుపుతో మైదానానికి పంపడం ఈ ఋతువులో అన్ని విధాలా తప్పు. ఆటకు ముప్పావు గంట ముందు ఒక నువ్వుల ఉండ, లేదా బెల్లంతో ఒక చిన్న సజ్జ రొట్టె చాలు. సంక్రాంతికి మన తెలంగాణ ఇళ్ళలో సకినాలలో నువ్వులు, వాము ఎందుకు వేస్తారనుకున్నారు? పండుగ పేరున చలికాలపు వైద్యమది. ఆట తర్వాత గోరువెచ్చని నీళ్ళు, ఆ తర్వాత వేడివేడి అన్నంలో ఉలవచారు, నెయ్యి. చలికాలంలో దప్పిక తెలియదు, అందువల్ల పిల్లలు నీళ్ళు తాగడం మరుస్తారు, గుర్తు చేయాలి. ఫ్రిజ్‌లోని నీళ్ళు, రాత్రి పెరుగు ఈ రెండు నెలలు పక్కన పెట్టండి.

కషాయం మన ఇళ్ళలో ఔషధం స్థాయి నుండి మంచినీళ్ళ స్థాయికి దిగిపోయింది. గొంతు గరగరమన్న రోజున పావు చెంచా శొంఠిపొడి, రెండు మిరియాలు, పది తులసి ఆకులు ఒక గ్లాసు నీటిలో వేసి సగమయ్యే వరకు మరిగించి, కాస్త బెల్లం కలిపి, ఎనిమిదేళ్ళు దాటిన పిల్లలకు సాయంత్రం ఒక్కసారి ఇవ్వండి. మూడు రోజులు చాలు. అంతకు మించితే ఉష్ణం చేసి నోరు పూయడం, కడుపులో మంట. అడవి తేనె మనకు సులభంగా దొరుకుతుంది, అదృష్టమే. కాని మరుగుతున్న నీళ్ళలో తేనె కలిపి తాగించే అలవాటు మానండి. వేడి చేసిన తేనెను శాస్త్రం స్పష్టంగా నిషేధించింది.

పడటం ఈ ఆటలో భాగం. పడేటప్పుడు చేయి ఆనించడం మనిషి స్వభావం కనుక మణికట్టుకు దెబ్బ తగలడం ఎక్కువ. చలిలో మరొక చిక్కు ఉన్నది. చల్లబడి మొద్దుబారిన చేతికి నొప్పి వెంటనే తెలియదు. ఇంటికి వచ్చి ఒళ్ళు వెచ్చబడ్డాక వాపు, నొప్పి బయటపడతాయి. ఆ వాపు మీద నూనె పోసి మర్దన చేయకండి. అట్టముక్కను ఆసరాగా కట్టి, చేతిని మెడకు వేలాడదీసి, ముందు ఎక్స్‌రే తీయించండి. పుత్తూరు కట్టు మీద నమ్మకం ఉన్నవారిని నేను కాదనను, కాని ఎముక ఎట్లా విరిగిందో చూడకుండా కట్టే కట్టు ఎవరు కట్టినా నాకు సమ్మతం కాదు.

ఇక నేను ఈ వ్యాసం రాయడానికి ముఖ్య కారణమైన విషయం. చలికి వణుకుతూ ఇల్లు చేరిన పిల్లవాడికి మన ఊరి తల్లి మొదట చేసేది ఏమిటి? కుంపటిలో నాలుగు బొగ్గులు రాజేసి గదిలోకి తెచ్చి పెట్టడం. చలి లోనికి రాకూడదని తలుపులు, కిటికీలు బిగించడం. హేమంతంలో నిప్పుకణికలతో వెచ్చబరచిన గదులలో ఉండమని వాగ్భటులే చెప్పారు కదా అని ఒక పంతులుగారు నాతో వాదించారు. చెప్పిన మాట నిజమే. కాని వాగ్భటుల నాటి ఇంటి పైకప్పులో నుండి, చూరు సందులలో నుండి గాలి ఆడేది. నేటి మన క్వార్టరు గది కాంక్రీటు పెట్టె. మూసిన గదిలో బొగ్గు మండితే కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, దగ్గు రప్పించదు. నెత్తురులో ప్రాణవాయువు ఉండవలసిన చోటును అది ఆక్రమిస్తుంది. ముందు తలనొప్పి, వాంతి వచ్చినట్లుండటం, మత్తు. ఆ మత్తును అలసట అనుకుని పిల్లవాడు పడుకుంటాడు, కొన్నిసార్లు మళ్ళీ లేవడు. కుంపటి పెట్టుకుని పడుకున్న కుటుంబం తెల్లవారి లేవలేదన్న వార్త మన దేశంలో ఏదో ఒక మూల నుండి ప్రతి శీతాకాలం వస్తూనే ఉంటుంది. బొగ్గు ధారాళంగా దొరికే మన ప్రాంతంలో ఈ భయం మరింత ఎక్కువగా ఉండవలసింది పోయి, చిన్ననాటి నుండి చూస్తున్న వస్తువు కనుక అసలే లేదు. కుంపటి వాకిట్లో ఉంచండి, నెగడు ఆకాశం కింద వేయండి. లోపలికి తెచ్చి తలుపు మూయవద్దు, ఒక్క రాత్రికి కూడా. పిల్లవాడికి కావలసినది పొడి బట్ట, దుప్పటి, వేడినీళ్ళ సీసా గుడ్డలో చుట్టి పాదాల వద్ద, గ్లాసెడు పసుపు పాలు. చాలు. కుంపటి చుట్టూ కూర్చున్న ఇంట్లో ఎవరికైనా తలనొప్పి, కళ్ళు తిరగడం కనిపిస్తే వెంటనే అందరూ ఆరుబయటికి రండి, ఆసుపత్రికి వెళ్ళండి. దానికి నా వద్ద చూర్ణం లేదు.

జ్వరం ఉన్న రోజున, జ్వరం తగ్గిన మూడు రోజుల వరకు చక్రాలు మూలకు. ఆట తర్వాత పిల్లికూతల వంటి శబ్దం, మాట్లాడటానికి కూడా ఊపిరి అందకపోవడం, పెదవులు నల్లబడటం కనిపిస్తే కషాయం కాచుతూ కూర్చోకుండా వైద్యుని వద్దకు పరుగెత్తండి. ఉబ్బసం ఉన్న పిల్లలకు సాంబ్రాణి పొగ కూడా వద్దు. అట్టి పిల్లలకు పిల్లల వైద్యుడు ఇన్‌హేలర్ రాసి ఇచ్చి ఉంటే, ఆయుర్వేదం వాడుతున్నాము కదా అని దానిని మీ అంతట మీరు ఆపవద్దు. ఆ పిల్లవాడి ఆట సంచిలో ముందు పెట్టవలసింది అదే. తువ్వాలు, పొడి బనీను ఆ తర్వాత.